వర్చువల్ రౌటర్ ఇమేజీలు: ల్యాబ్‌లో ఏది నిజం, ఏది వేషం

ల్యాబ్‌లో రెండు వర్చువల్ రౌటర్లను, అంటే సాఫ్ట్‌వేర్ రూపంలో ఉన్న రౌటర్లను, కలిపి వాటి మధ్య రూట్లు (దారులు) పంచుకునే ప్రోటోకాల్ ఓఎస్‌పీఎఫ్ నడిపించామనుకుందాం. నైబర్ ఫుల్ స్టేట్‌కి వచ్చింది, అంటే పొరుగు రౌటర్‌తో సంబంధం పూర్తిగా కుదిరింది, రూట్లు అటూ ఇటూ కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఒక రౌటర్‌ని ఉన్నట్టుండి పవర్ ఆఫ్ చేస్తే రెండోది ఏం చేస్తుంది? చాలా ల్యాబుల్లో కాసేపు ఏమీ చేయదు. ఇంటర్‌ఫేస్ అప్‌లోనే ఉంటుంది, రూట్లు టేబుల్‌లో అలాగే ఉంటాయి, పోయిన రౌటర్ వైపే ప్యాకెట్లు పంపుతూ ఉంటుంది. 40 సెకన్ల డెడ్ టైమర్ అయిపోతే గానీ అవతల ఎవరూ లేరని దానికి తెలియదు. అసలు బాక్సులైతే, మధ్యలో నేరుగా ఫైబర్ ఉంటే, సిగ్నల్ పోయిన వెంటనే పోర్ట్ డౌన్ అవుతుంది. ఓఎస్‌పీఎఫ్ టైమర్ కోసం ఆగకుండా అప్పుడే దారి మార్చుకుంటుంది.

రెండు చోట్లా నడిచే రౌటింగ్ కోడ్ దాదాపు ఒకటే. తేడా దాని కింద ఉంది. వర్చువల్ రౌటర్ పోర్ట్‌కి అవతలి కొసన ఉన్నది రెండో రౌటర్ కాదు, హోస్ట్ లినక్స్‌లోని (రౌటర్లని నడిపే కంప్యూటర్‌లోని) ఒక ట్యాప్ ఇంటర్‌ఫేస్, అంటే సాఫ్ట్‌వేర్ పోర్ట్. ప్యాకెట్ ఆ ట్యాప్ నుంచి ఒక బ్రిడ్జ్‌లోకి (సాఫ్ట్‌వేర్ స్విచ్‌లోకి), బ్రిడ్జ్ నుంచి మరో ట్యాప్‌లోకి, అక్కడి నుంచి రెండో రౌటర్‌లోకి వెళుతుంది. ఆ చివర వీఎం (వర్చువల్ మెషీన్) ఆగిపోయినా ఈ చివర ట్యాప్ బతికే ఉంటుంది. లింక్ డౌన్ అయిందని గెస్ట్‌కి, అంటే వీఎం లోపలి సిస్టమ్‌కి, చెప్పే సదుపాయం వీఎంలని నడిపే క్యూఎములో ఉంది, కొన్ని ల్యాబ్ సాఫ్ట్‌వేర్లు దాన్ని వాడుకుంటాయి కూడా. కానీ ఇమేజ్ లోపలి నెట్‌వర్క్ కార్డ్ డ్రైవర్ ఆ మాట పట్టించుకోవాలి కదా.

ఇలాంటి ల్యాబ్‌లో కన్వర్జెన్స్‌కి (మార్పు తర్వాత రూట్లు మళ్లీ కుదురుకోవడానికి) ఎన్ని సెకన్లు పట్టిందో కొలిచి, ఆ అంకెని డిజైన్ డాక్యుమెంట్‌లో ఎక్కించేవాళ్లు లేకపోలేదు. ఆ అంకెకి విలువ లేదు. అలాగని ల్యాబ్ దండగ అనడమూ తప్పే. రూట్ పాలసీ (ఏ రూట్లు తీసుకోవాలి, ఏవి పంపాలి అన్న నియమాలు) తప్పుగా రాస్తే అసలు బాక్స్‌లో ఎలా బెడిసికొడుతుందో ల్యాబ్‌లోనూ అచ్చం అలాగే బెడిసికొడుతుంది. చాలా వర్చువల్ రౌటర్ ఇమేజీల్లో కంట్రోల్ ప్లేన్ (దారులు నిర్ణయించే భాగం) నిజం, డేటా ప్లేన్ (ప్యాకెట్లు మోసే భాగం) వేషం. ఏ ఇమేజ్ వాడాలి, దానికి ఎంత ర్యామ్ ఇవ్వాలి, వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్నలు చాలావరకు ఈ ఒక్క తేడా దగ్గరికే వచ్చి చేరతాయి.

డైనమిప్స్ నుంచి ఇప్పటిదాకా

మొదట్లో పద్ధతి వేరు. 2005లో ఫ్రాన్స్‌లో మొదలైన డైనమిప్స్, సిస్కో 7200 రౌటర్‌లోని మిప్స్ ప్రాసెసర్‌నే సాఫ్ట్‌వేర్‌లో అనుకరించింది. అసలు రౌటర్‌లో ఎక్కించే ఐఓఎస్ (సిస్కో రౌటర్ల ఆపరేటింగ్ సిస్టమ్) ఫైల్‌నే ఏ మార్పూ లేకుండా దానికి ఇచ్చేవాళ్లు. తాను ఒక పీసీలో ఉన్నానన్న సంగతి ఐఓఎస్‌కి తెలియదు. అక్కడే ఒక చిక్కు వచ్చింది. పని లేనప్పుడు ఐఓఎస్ ఒక ఖాళీ లూప్‌లో తిరుగుతూ ఉంటుంది. రౌటర్‌లో ప్రాసెసర్ మొత్తం దానిదే కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. డైనమిప్స్‌లో మాత్రం ఆ ఉత్తుత్తి తిరుగుడులోని ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ హోస్ట్ సీపీయూ అనువదించి నడపాలి. కాన్ఫిగరేషన్ ఏమీ లేని ఒక్క రౌటర్ ఒక కోర్‌ని నూటికి నూరు శాతం తినేసేది.

దానికి విరుగుడుగా వచ్చిందే ఐడిల్-పీసీ. ఆ ఖాళీ లూప్ మెమరీలో ఏ అడ్రస్ దగ్గర ఉందో చెబితే, ప్రోగ్రామ్ కౌంటర్ అక్కడికి చేరినప్పుడల్లా డైనమిప్స్ కాసేపు కునుకు తీస్తుంది. ఆ అడ్రస్ ఒక్కో ఐఓఎస్ ఫైల్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇమేజ్ మార్చినప్పుడల్లా కొత్తగా వెతుక్కోవాల్సిందే. డైనమిప్స్‌ని వాడే ల్యాబ్ సాఫ్ట్‌వేర్ జీఎన్ఎస్3తో చదువుకున్న తరానికి ల్యాబ్ అంటే మొదట గుర్తొచ్చేది ఫ్యాన్ హోరు, ఆ తర్వాతే ప్రోటోకాల్స్.

ఇప్పటి ఇమేజీలు ఆ దారి వదిలేశాయి. కంపెనీలే తమ ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఎక్స్86 మీద నడిచే వీఎంగా గానీ కంటైనర్‌గా (హోస్ట్ కెర్నల్‌నే పంచుకునే తేలికైన ప్యాకేజీగా) గానీ తయారుచేసి ఇస్తున్నాయి. వీఎం అయితే లినక్స్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం కేవీఎం సాయంతో ఇన్‌స్ట్రక్షన్లు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి, అనువాదం బెడద లేదు. పరీక్షలు కూడా ఇదే బాట పట్టాయి. 2014లో వచ్చిన, సిస్కో ఉన్నత స్థాయి సర్టిఫికేషన్ సీసీఐఈ రౌటింగ్ అండ్ స్విచింగ్ ఐదో వెర్షన్ ల్యాబ్ పరీక్ష పూర్తిగా వర్చువల్ పరికరాల మీదకి మారింది. అంతకుముందు అభ్యర్థులు ర్యాకుల్లోని అసలు స్విచ్‌లతో కుస్తీ పట్టేవాళ్లు.

ఇమేజీలన్నీ ఒక్క జాతి కాదు

డౌన్‌లోడ్ పేజీలో అన్నీ ఒకేలా కనిపించినా, వర్చువల్ రౌటర్ ఇమేజీల్లో రెండు రకాలున్నాయి. మొదటి రకం అసలు నెట్‌వర్క్‌లో వాడటానికే పుట్టినవి. సిస్కో క్యాటలిస్ట్ 8000వీ, దాని ముందుతరం సీఎస్ఆర్1000వీ, మైక్రోటిక్ సీహెచ్ఆర్, వీవైఓఎస్ ఈ కోవలోవి. వీటి డేటా ప్లేన్ సాఫ్ట్‌వేరే, కానీ అది నకలు కాదు; క్లౌడ్‌లోనూ సర్వర్లలోనూ నిజంగా ట్రాఫిక్ మోసేది అదే. ల్యాబ్‌లో వాటికి అడ్డుపడేది లైసెన్స్. లైసెన్స్ లేని సీఎస్ఆర్1000వీ సెకనుకు 100 కిలోబిట్లకు మించి పంపదు. ఉచిత లైసెన్స్‌తో సీహెచ్ఆర్ ఒక్కో ఇంటర్‌ఫేస్ నుంచి 1 మెగాబిట్ మాత్రమే బయటికి వదులుతుంది. బీజీపీ (వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య రూట్లు పంచుకునే ప్రోటోకాల్) నేర్చుకోవడానికి అది చాలు. కానీ వేగం కొలిచే ఐపెర్ఫ్ నడిపి "వీపీఎన్ చాలా స్లోగా ఉంది" అని రోజంతా తల పట్టుకోవడానికి కూడా అదే చాలు.

రెండో రకం కేవలం ల్యాబ్ కోసం తయారైనవి. సిస్కో ఐఓఎస్‌వీ, దాని స్విచింగ్ తోబుట్టువు ఐఓఎస్‌వీఎల్2, నెక్సస్ 9000వీ, జునిపర్ వీజునోస్-స్విచ్, అరిస్టా వీఈఓఎస్-ల్యాబ్ లాంటివి. అసలు బాక్స్‌లో ఏసిక్ (ప్యాకెట్లు పంపడానికే చేసిన చిప్) చేసే పనిని వీటిలో ఒక సాఫ్ట్‌వేర్ ముక్క చేసినట్టు నటిస్తుంది. ఆ నటన ఒక్కో ఇమేజ్‌లో ఒక్కో చోట ఆగిపోతుంది. సిస్కో పెద్ద రౌటర్ల సిస్టమ్ ఐఓఎస్ ఎక్స్ఆర్‌కి పాత ల్యాబ్ ఇమేజ్ అయిన ఎక్స్ఆర్‌వీ దీనికి మంచి ఉదాహరణ. దాంట్లో ఎల్2వీపీఎన్ (దూరంలోని రెండు చోట్లని ఒకే ఈథర్‌నెట్‌లా కలిపే సర్వీస్) కాన్ఫిగర్ చేస్తే సూడోవైర్, అంటే ఆ రెండు చోట్ల మధ్య ఊహా తీగ, అప్ అవుతుంది, లేబుళ్లు ఇచ్చిపుచ్చుకుంటుంది, షో కమాండ్లన్నీ కళ్లకద్దుకునేలా ఉంటాయి. పింగ్ మాత్రం పోదు. కంట్రోల్ ప్లేన్ ఉంది, ఆ ఫీచర్‌కి ఫార్వర్డింగ్ రాయలేదు, అంతే. దాని తర్వాత వచ్చిన ఎక్స్ఆర్‌వీ 9000లో డేటా ప్లేన్ సరిగ్గా ఉంది, బరువూ దానికి తగ్గట్టే పెరిగింది.

అందుకే ఇమేజ్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ర్యామ్ కాదు, ఆ ఇమేజ్‌తో వచ్చే సపోర్ట్ చేయని ఫీచర్ల పట్టిక. చాలామంది దాన్ని చివర్లో, అదీ రెండు రోజులు డీబగ్ చేశాక తెరుస్తారు.

బరువు విషయానికొస్తే తేడాలు మామూలుగా లేవు. ఐఓఎస్‌వీకి 512 మెగాబైట్ల ర్యామ్, ఒక వర్చువల్ సీపీయూ సరిపోతాయి. వీజునోస్-స్విచ్ 4 సీపీయూలు, 5 గిగాబైట్లు అడుగుతుంది. ఎక్స్ఆర్‌వీ 9000 సరిగ్గా నడవాలంటే 4 సీపీయూలతో పాటు 16 గిగాబైట్లు పక్కన పెట్టుకోవాలి. 32 గిగాబైట్ల ర్యామ్ ఉన్న మెషీన్‌లో పదుల కొద్దీ ఐఓఎస్‌వీలు నడిపినవాళ్లు, అదే టోపాలజీని ఎక్స్ఆర్‌తో కట్టబోయి రెండో రౌటర్ దగ్గరే ఆగిపోతారు.

డిస్క్ దగ్గర మాత్రం కాస్త వెసులుబాటు ఉంది. క్యూకౌ2 ఫార్మాట్‌లో ఒక మూల ఇమేజ్‌ని అలాగే ఉంచి, ఒక్కో రౌటర్‌కి దాని మీద పలచని పొర ఒకటి వేసుకోవచ్చు. రౌటర్ రాసిన మార్పులు మాత్రమే ఆ పొరలోకి వెళతాయి. కాబట్టి ఇరవై రౌటర్లున్నా మూల ఫైల్ ఒక్కటే. దీంట్లో ఒక జాగ్రత్త ఉంది: ల్యాబులు నడుస్తుండగా మూల ఫైల్‌ని తెరిచి మార్చినా, కొత్త వెర్షన్‌ని అదే పేరుతో దాని మీద పెట్టినా, పైనున్న పొరలన్నీ చెడిపోతాయి. కొత్త వెర్షన్‌కి కొత్త ఫోల్డర్ పెట్టుకోవడమే పద్ధతి. ర్యామ్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఒకే రకం రౌటర్లు చాలా ఉంటే వాటి మెమరీలో ఒకేలా ఉన్న పేజీలను కెర్నల్ వెతికి పట్టుకుని ఒక్కటిగా కలిపేస్తుంది. ఆ వెతుకులాటకి సీపీయూ ఖర్చవుతుంది, కాబట్టి ఇది పూర్తిగా ఉచితమేమీ కాదు.

సీపీయూ తక్కువైతే వచ్చే ఇబ్బంది ర్యామ్ తక్కువైనప్పటిలా సూటిగా కనిపించదు. ర్యామ్ చాలకపోతే వీఎం లేవదు, గొడవ అక్కడితో తేలిపోతుంది. సీపీయూ చాలకపోతే అన్నీ లేస్తాయి, కానీ ఎవరి వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం. బీఎఫ్‌డీని (అవతలి రౌటర్ బతికే ఉందా అని వేగంగా కనిపెట్టే ప్రోటోకాల్‌ని) 50 మిల్లీసెకన్లకు, మల్టిప్లయర్ 3కి (వరసగా మూడు సందేశాలు రాకపోతే లింక్ పోయినట్టు) పెట్టారంటే, 150 మిల్లీసెకన్ల పాటు హోస్ట్ ఆ వీఎంకి సీపీయూ ఇవ్వకపోతే సెషన్ పడిపోతుంది. లాగ్‌లో బీఎఫ్‌డీ డౌన్, బీజీపీ డౌన్, మళ్లీ అప్, మళ్లీ డౌన్. కాన్ఫిగరేషన్‌లో తప్పేమీ ఉండదు. అదే సమయంలో పక్కన ఇంకో నాలుగు రౌటర్లు బూట్ అవుతూ ఉంటాయి, అంతే సంగతి. ల్యాబ్‌లో టైమర్లు వదులుగా పెట్టుకోవడం, రౌటర్లను ఒకేసారి కాకుండా కొంచెం ఎడం ఇచ్చి లేపడం నేర్చుకోవాల్సిన మొదటి అలవాట్లు.

ఇమేజ్ ఎక్కించాక మొదటి అరగంట

కొత్త ఇమేజ్‌తో పడే తిప్పలు ఎక్కువగా బూట్ దగ్గరే. నెక్సస్ 9000వీ మొదటిసారి చక్కగా లేస్తుంది. కాన్ఫిగర్ చేసి సేవ్ చేసి రీలోడ్ కొడితే కొన్ని వెర్షన్లలో లోడర్ ప్రాంప్ట్ దగ్గర నిలబడిపోతుంది. ఏ ఫైల్ నుంచి బూట్ కావాలో దానికి ఎవరూ చెప్పలేదు మరి. మొదటి బూట్‌లోనే బూట్‌ఫ్లాష్‌లోని ఫైల్ పేరు చూసి, దాన్ని బూట్ వేరియబుల్‌గా పెట్టి సేవ్ చేస్తే ఆ బాధ తప్పుతుంది. అరిస్టా ఇమేజ్‌ది మరో రకం. కాన్ఫిగరేషన్ ఖాళీగా ఉంటే అది జీరో టచ్ ప్రొవిజనింగ్‌లోకి వెళ్లి, తనకి కాన్ఫిగరేషన్ ఇచ్చే సర్వర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆ మోడ్‌ని రద్దు చేస్తే రీలోడ్ అయి మామూలుగా వస్తుంది.

పోర్ట్‌ల లెక్క మరో తలనొప్పి. వీఎంకి ఇచ్చిన మొదటి నెట్‌వర్క్ కార్డ్ చాలా ఇమేజీల్లో మేనేజ్‌మెంట్ పోర్ట్ అవుతుంది. ఎక్స్ఆర్‌వీ 9000లోనైతే మొదటిది మేనేజ్‌మెంట్, తర్వాతి రెండూ తన సొంత అవసరాలకి రిజర్వ్. మనకి దక్కేది నాలుగో కార్డ్ నుంచే. ఈ సంగతి తెలియక రెండో కార్డ్‌కి కేబుల్ కలిపి "ఏఆర్పీ రావడం లేదు" అని చూస్తూ కూర్చోవడం మామూలే. కార్డ్ మోడల్ కూడా ముఖ్యమే. ఇమేజ్ వర్టియో కార్డ్ ఆశిస్తుంటే ఈ1000 ఇచ్చామంటే రౌటర్ లేస్తుంది, ఇంటర్‌ఫేస్‌లే కనబడవు.

నెస్టెడ్ వర్చువలైజేషన్ గురించి ఒక్క మాట. వీజునోస్-స్విచ్ వీఎం తన లోపల ఇంకో వీఎం నడుపుతుంది. ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌నే విండోస్ ల్యాప్‌టాప్‌లో ఒక వీఎంగా పెట్టుకుంటే, అది వీఎం లోపల వీఎం లోపల వీఎం. అధికారికంగా జునిపర్ దీన్ని అసలు సర్వర్ మీద నేరుగా నడిచే కేవీఎంకే సపోర్ట్ చేస్తుంది. విండోస్‌లో హైపర్-వీ ఆన్‌లో ఉంటే కిందివాళ్లకి వర్చువలైజేషన్ సదుపాయం అందకపోవడం మరో పాత గొడవ. ఇక ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న కొత్త మ్యాక్‌లలో ఎక్స్86 ఇమేజీలకి కేవీఎం లాంటి ఊతమేదీ ఉండదు, మళ్లీ ఇన్‌స్ట్రక్షన్ల అనువాదమే గతి. డైనమిప్స్ రోజులు తిరిగొచ్చినట్టే.

తీగ కూడా సాఫ్ట్‌వేరే

ఇమేజ్ గురించి ఎంత జాగ్రత్త పడినా, రెండు ఇమేజీల మధ్య ఉన్న తీగని మర్చిపోతే ల్యాబ్ తప్పుదారి పట్టిస్తుంది. దీనికి పోర్ట్-చానల్‌ని (కొన్ని లింకులని ఒక్కటిగా కలిపి వాడటాన్ని) మించిన ఉదాహరణ లేదు. రెండు స్విచ్‌ల మధ్య, ఆ కలయికని మాట్లాడుకునే ప్రోటోకాల్ ఎల్ఏసీపీతో పోర్ట్-చానల్ కడతారు. రెండు వైపులా కాన్ఫిగరేషన్ సరిగ్గానే ఉంటుంది. కానీ రెండూ తమకి అవతలి నుంచి ఎల్ఏసీపీ ప్యాకెట్లే రావడం లేదంటాయి. రెండూ నిజమే చెబుతున్నాయి. మధ్యలో ఉన్న లినక్స్ బ్రిడ్జ్ వాటిని మింగేస్తోంది.

బ్రిడ్జ్ తప్పు చేయడం లేదు. ఐఈఈఈ 802.1డీ ప్రకారం స్పానింగ్ ట్రీ (లూపులు ఆపేది), ఎల్ఏసీపీ, ఎల్ఎల్‌డీపీ (పొరుగు పరికరాన్ని గుర్తించేది) లాంటి వాటికి కొన్ని మల్టీకాస్ట్ అడ్రస్‌లు కేటాయించారు. నిబంధనలు పాటించే ఏ బ్రిడ్జ్ అయినా వాటిని ఒక పోర్ట్ నుంచి మరో పోర్ట్‌కి దాటించకూడదు. లినక్స్‌కి తాను ఇక్కడ బ్రిడ్జ్‌గా కాదు, తీగగా నటించాలని తెలియదు కదా. గ్రూప్ ఫార్వర్డ్ మాస్క్ అనే సెట్టింగ్ మారిస్తే ఎల్ఎల్‌డీపీని వదులుతుంది. స్పానింగ్ ట్రీ, పాజ్ (పంపడం కాసేపు ఆపమనే ఫ్రేమ్), ఎల్ఏసీపీ ఈ మూడింటి అడ్రస్‌లని మాత్రం ఆ మాస్క్‌లో పెట్టనివ్వకుండా కెర్నల్ కోడ్‌లోనే అడ్డుకట్ట వేశారు. అందుకే ఈవీఈ-ఎన్‌జీ లాంటి ల్యాబ్ సాఫ్ట్‌వేర్లు కెర్నల్‌నే సవరించి ఇస్తాయి. జీఎన్ఎస్3 బ్రిడ్జ్ జోలికే పోకుండా యూబ్రిడ్జ్ ద్వారా యూడీపీ సొరంగాల్లో ఫ్రేమ్‌లని పంపుతుంది. కంటైనర్‌ల్యాబ్ రెండు కంటైనర్లని వీఈత్ జతతో (రెండు కొసలున్న సాఫ్ట్‌వేర్ తీగతో) నేరుగా కలుపుతుంది, మధ్యలో మింగేవాళ్లు ఉండరు. సొంతంగా కేవీఎం మీద ల్యాబ్ కట్టుకునేవాళ్లకే ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది. పోర్ట్-చానల్ లేవకపోతే కాన్ఫిగరేషన్‌ని పదోసారి చదివే బదులు, రెండు ట్యాప్‌ల దగ్గరా ప్యాకెట్లని పట్టి చూపే టీసీపీడంప్ పెట్టి చూడటం మేలు: ఒక చోట కనిపించిన ఫ్రేమ్ రెండో చోట కనిపించకపోతే దోషి ఎవరో తేలిపోతుంది.

ఇమేజ్ ఎక్కడి నుంచి వచ్చింది

ఇది చాలామంది మాట్లాడటానికి ఇష్టపడని భాగం. ఏళ్ల తరబడి ల్యాబ్ ఇమేజీలు టొరెంట్ల మీద, తెలియని డ్రైవ్ లింకుల మీద తిరిగాయి. సిస్కో లోపలి వాడకానికి చేసుకున్న ఐఓయూ (యూనిక్స్ మీద నడిచే ఐఓఎస్) అలాగే బయటికి పొక్కి, దానికి దొంగ లైసెన్స్ కీలు తయారుచేసే స్క్రిప్టులతో సహా వ్యాపించింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఎవరో తయారుచేసిన డిస్క్ ఇమేజ్‌ని ఆఫీస్ నెట్‌వర్క్‌కి కలిసి ఉన్న సర్వర్ మీద రూట్ హక్కులతో నడపడం ఏ లెక్కన చూసినా తెలివైన పని కాదు. అందులో ఏం కలిపారో చెప్పేవాళ్లు లేరు. కంపెనీ ప్రకటించిన చెక్‌సమ్‌తో పోల్చడానికీ కుదరదు, ఎందుకంటే ఫార్మాట్ మార్చడంతోనే చెక్‌సమ్ మారిపోయి ఉంటుంది.

ఆ రోజుల్లో "వేరే దారి లేదు" అన్న మాటలో కొంత నిజం ఉండేది. ఇప్పుడు ఆ సాకు చెల్లదు. వీజునోస్ ఇమేజీలని జునిపర్ 2023 నుంచి ల్యాబ్ వాడకానికి ఉచితంగా ఇస్తోంది. నోకియా ఎస్ఆర్ లినక్స్ కంటైనర్‌ని ఎక్కడా రిజిస్టర్ కాకుండానే లాగేసుకోవచ్చు. అరిస్టా ఇమేజీలకి ఒక ఖాతా తెరిస్తే చాలు. ఓపెన్ సోర్స్ రౌటింగ్ సాఫ్ట్‌వేర్ ఎఫ్ఆర్ఆర్, వీవైఓఎస్ రోలింగ్ ఇమేజీలు ఎలాగూ అందరివీ. సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ ఉచిత ఎడిషన్‌లో ఒకేసారి 5 నోడ్లు, డబ్బు కట్టే పర్సనల్ ఎడిషన్‌లో 20 నోడ్లు నడపొచ్చు. కాకపోతే ఉచితం అన్నంత మాత్రాన ఇతరులకి పంచిపెట్టే హక్కు వచ్చినట్టు కాదు. వీఆర్‌నెట్‌ల్యాబ్ అనే పనిముట్టు వీఎం ఇమేజ్‌ని డాకర్ కంటైనర్‌లో చుట్టి ఇస్తుంది గానీ, ఇమేజ్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. అలా చుట్టిన కంటైనర్‌ని పబ్లిక్ రిజిస్ట్రీలోకి ఎక్కిస్తే లైసెన్స్ ఉల్లంఘించినట్టే.

ఈ చుట్టడం వల్ల వచ్చిన పెద్ద లాభం వేరే ఉంది. టోపాలజీ (ఏ రౌటర్ దేనికి కలిసిందన్న పటం) మొత్తం ఒక యామల్ ఫైల్‌లోకి, అంటే మామూలు టెక్స్ట్ ఫైల్‌లోకి, వచ్చేసింది. దాన్ని మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టొచ్చు, కాన్ఫిగరేషన్‌లో మార్పు వచ్చినప్పుడల్లా పైప్‌లైన్ (తనంతట తానే నడిచే పరీక్షల వరస) ఒక ల్యాబ్‌ని లేపి, బీజీపీ సెషన్లు నిలబడ్డాయా, అనుకున్న రూట్లు మాత్రమే బయటికి వెళ్తున్నాయా అని చూసి కూల్చేయొచ్చు. ఎస్ఆర్ లినక్స్ లాంటి అసలైన కంటైనర్లు త్వరగా లేస్తాయి కాబట్టి ఈ పనికి బాగా నప్పుతాయి. బరువైన వీఎంలు లేవడానికే చాలా నిమిషాలు తీసుకుంటే, ఆ పైప్‌లైన్‌ని నాలుగు రోజుల్లో జనం ఆపేస్తారు.

పెద్ద ఎత్తున ఇలా చేయడం సాధ్యమేనని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2017లో క్రిస్టల్‌నెట్‌తో చూపించారు. తమ క్లౌడ్ నెట్‌వర్క్‌ని కంపెనీలిచ్చిన రౌటర్ సాఫ్ట్‌వేర్‌తోనే ఎమ్యులేట్ చేసి, మార్పులని అసలు నెట్‌వర్క్ మీద పెట్టేముందు అక్కడ పరీక్షించారు. అందులో ఆలోచింపజేసే అంశం సరిహద్దు. ప్రపంచమంతటినీ ఎమ్యులేట్ చేయలేం కాబట్టి ఎక్కడో ఒక చోట గీత గీయాలి. ఆ గీతకి అవతల అసలు రౌటర్ల బదులు, ముందే రాసిపెట్టిన రూట్లని పంపే తేలికపాటి స్పీకర్లని నిలబెట్టారు. లోపల ఏదైనా మారితే గీతకి అవతలివాళ్లు కూడా తమ జవాబు మార్చుకోవాల్సిన పరిస్థితి వస్తే ఫలితం చెల్లదు. అందుకని గీత ఎక్కడ గీస్తే సురక్షితమో లెక్కగట్టడమే వాళ్ల పనిలో కీలకం.

చిన్న ల్యాబ్‌కీ ఇదే వర్తిస్తుంది. పరీక్షించాల్సింది ఒక ఎడ్జ్ రౌటర్ పాలసీ అయితే, ఆ ఒక్క రౌటర్‌కే బరువైన అసలు ఇమేజ్ ఇచ్చి, చుట్టూ ఉన్న ఐఎస్పీలనీ కస్టమర్లనీ ఎఫ్ఆర్ఆర్ కంటైనర్లతో నింపేయొచ్చు. 16 గిగాబైట్లు మింగే ఇమేజ్‌ని పది చోట్ల పెట్టాల్సిన పని లేదు. కానీ పరీక్షించాల్సింది రెండు కంపెనీల బాక్సుల మధ్య ఈవీపీఎన్ (బీజీపీ సాయంతో ఈథర్‌నెట్‌ని విస్తరించే పద్ధతి) కుదురుతుందా లేదా అన్నదైతే, ఆ రెండింటిలో దేనికీ ఎఫ్ఆర్ఆర్ బదులు కాలేదు.

కొన్ని ప్రశ్నలకి మాత్రం ఏ ఇమేజూ జవాబు చెప్పదు. క్యూల్లో బఫర్ ఎంత లోతు, మైక్రోబర్స్ట్ (క్షణకాలపు ట్రాఫిక్ ఉప్పెన) వస్తే ఎన్ని ప్యాకెట్లు పడిపోతాయి, టీక్యామ్‌లో (నియమాలు దాచే ప్రత్యేక మెమరీలో) ఏసీఎల్ (ఏ ట్రాఫిక్‌ని అనుమతించాలో చెప్పే జాబితా) ఎన్ని లైన్లకి నిండిపోతుంది, ఈసీఎంపీ (సమానమైన దారుల మధ్య పంపకం) హాష్ ట్రాఫిక్‌ని సమంగా పంచుతుందా, ఆప్టిక్ (ఫైబర్ మాడ్యూల్) ఆ పోర్ట్‌లో పనిచేస్తుందా. ఇవన్నీ సిలికాన్‌లో ఉండే సంగతులు. టీక్యామ్ విషయంలో ఇమేజ్ మరీ మోసం చేస్తుంది: అసలు స్విచ్ తిరస్కరించే పొడవైన ఏసీఎల్‌ని అది గొణగకుండా తీసుకుంటుంది.

వెర్షన్ దగ్గరా జాగ్రత్త అవసరం. అసలు నెట్‌వర్క్‌లో ఉన్న రిలీజ్‌కి, ల్యాబ్‌లో ఉన్న ఇమేజ్ రిలీజ్‌కి తేడా ఉంటే, సాఫ్ట్‌వేర్ బగ్ కోసం చేసే ఏ పరీక్షా చెల్లదు. ఐఓఎస్‌వీ ఐఓఎస్ 15 తరానికి చెందినది. దాని తర్వాతి తరం సిస్టమ్ ఐఓఎస్ ఎక్స్ఈ నడుస్తున్న బాక్స్‌లోని బగ్‌ని దాంట్లో వెతకడం వృథా. కాన్ఫిగరేషన్ సింటాక్స్ సరిచూసుకోవడానికి, ఓఎస్‌పీఎఫ్ ఏరియాలు, రూట్ మ్యాపులు అర్థం చేసుకోవడానికి మాత్రం అది ఇప్పటికీ చవకైన, తేలికైన ఇమేజే.